రెండు నీళ్ళు కలిసే చోటు: యిర్కల పాఠశాలలో యూనుపిఙు విద్యాకృషి – ఒక పరిశీలన

2013 జూన్ 2న ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని ఆర్నెమ్ లాండ్‌లో డాక్టర్ ఎం. యూనుపిఙు మరణించారు. అప్పటికి ఆయన వయసు 56 ఏళ్ళు. లోకం ఆయనను ప్రధానంగా గాయకుడిగా స్మరించింది. 'యోతు యిండి' సంగీత బృందానికి ఆయన నాయకుడు. 1991లో వెలువడిన 'ట్రీటీ' అనే పాట ఒక ఆదివాసి భాషను ఆస్ట్రేలియా రేడియోలలోనూ, విదేశీ నృత్యశాలలలోనూ వినిపించేలా చేసింది. ఆ కీర్తి వెలుగులో ఆయన వృత్తిరీత్యా బడిపంతులన్న సంగతి మసకబారింది. పాఠశాల సహాయకుడిగా మొదలై ప్రధానాచార్యుడి స్థానం దాకా సాగిన ఆయన విద్యాజీవితంలో, ఆదివాసి పిల్లల చదువు గురించి అడిగే ప్రశ్నే మారిపోయింది. అంతకుముందు ప్రశ్న 'ఏ భాషలో బోధించాలి?' అన్నది. యిర్కల ఉపాధ్యాయులు దానిని 'ఏది జ్ఞానమో ఎవరు నిర్ణయించాలి?' అన్న ప్రశ్నగా మార్చారు. ఆ మార్పు ఎలా జరిగిందో, ప్రభుత్వం రెండుసార్లు దానిని కాదన్న తరువాత ఏమి మిగిలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేర్ల గురించి ఒక మాట. ఆంగ్ల గ్రంథాలలో ఈ ప్రజల పేరును, ఈ వంశనామాన్ని 'ఎన్, జి' అన్న రెండక్షరాలతో రాస్తారు. దానిని అనుసరించి తెలుగులో 'యోల్‌న్గు', 'యునుపింగు' అని రాస్తే ఉచ్చారణ దెబ్బతింటుంది. అక్కడ ఉన్నది ఒకే ధ్వని. వాళ్ళ లిపివిధానంలో దానికి తోక ఉన్న 'ఎన్' అక్షరాన్ని ప్రత్యేకంగా ఏర్పరచుకున్నారు. మనకు ఆ శ్రమ లేదు. ఓనమాలలో దిద్ది, ఆపైన 'వాఙ్మయం' వంటి ఒకటి రెండు మాటలలో తప్ప వాడని ఙ కారం సరిగ్గా ఆ ధ్వనికే చెందుతుంది. ట, ణ, ళ వంటి మూర్ధన్యాలు కూడా ఆ భాషలలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ యోల్ఙు, యూనుపిఙు అనే రాశాను. యోల్ఙు అంటే మనిషి. వాళ్ళ భాషాసముదాయం పేరు 'యోల్ఙు మథ'. మథ అంటే నాలుక. మాటకు, భాషకు కూడా అదే పదం.

రెండో విషయం ఆయన సొంత పేరు. యోల్ఙు సంప్రదాయంలో చనిపోయినవారి పేరును కొంతకాలం పలకరు. ఆ పేరే గల బంధువులు సైతం వేరే పేరుతో వ్యవహారంలోకి వస్తారు. 1990లో కుటుంబంలో జరిగిన ఒక మరణం కారణంగా ఆయనా పేరు మార్చుకున్నారు. అందువల్ల అంతకుముందరి ఆయన రచనలు బి. యూనుపిఙు పేరుతోనూ, తరువాతివి ఎం. యూనుపిఙు పేరుతోనూ గ్రంథాలయ సూచికలలో చేరాయి. ఈ సంగతి తెలియని పరిశోధకుడు ఒకే మనిషిని ఇద్దరు రచయితలుగా లెక్కించే ప్రమాదం ఉంది. ఆయన మరణానంతరం పత్రికలు 'డాక్టర్ ఎం. యూనుపిఙు' అని వ్యవహరించాయి. ఈ వ్యాసమూ ఆ మర్యాదనే పాటిస్తుంది.

బడికి వెలుపలి నేపథ్యం

యిర్కలలో మెథడిస్టు మిషన్ 1935లో ఏర్పడింది. బడి కూడా మిషన్ వెంటే వచ్చింది. యూనుపిఙు అక్కడే 1956లో గుమచ్ వంశంలో పుట్టారు. ఆయనకు ఏడేళ్ళు నిండకముందే ఆ ఊరి చరిత్రను మార్చిన ఘటన జరిగింది. బాక్సైట్ తవ్వకాల కోసం ఆదివాసుల రక్షితప్రాంతం నుంచి 300 చదరపు కిలోమీటర్లకు పైగా భూమిని కేంద్రప్రభుత్వం వేరుచేసింది. ఆ నేల మీద బతుకుతున్నవారిని ఎవరూ అడగలేదు. 1963 ఆగస్టులో యిర్కల పెద్దలు పార్లమెంటుకు వినతిపత్రాలు పంపారు. గుమచ్ భాషలోనూ ఆంగ్లంలోనూ టైపుచేసిన కాగితాన్ని చెట్టుబెరడు పలక మీద అంటించి, చుట్టూ తమ వంశాల చిత్రాలు గీశారు. ఒక పలక అంచున దువ విభాగపు చిత్రాలు, మరొక దాని అంచున యిరిచ విభాగపు చిత్రాలు ఉన్నాయి. యోల్ఙు లోకంలో మనుషులు, నేల, నీరు, జీవరాశులు అన్నీ ఈ రెండు విభాగాలలో ఏదో ఒకదానికి చెందుతాయి. యూనుపిఙు తండ్రి ఆ చిత్రకారులలో ఒకరు.

ఈ పత్రాన్ని రాజకీయ చరిత్రకారులు భూహక్కుల ఉద్యమానికి ఆరంభంగా చూస్తారు. విద్యాచరిత్ర దృష్టితో దానిని చూసినవారు తక్కువ. అందులో రెండు భాషలున్నాయి, ఏదీ రెండో దానికి అనువాదమాత్రంగా అణగిపోలేదు. అక్షరం ఉంది, చిత్రం ఉంది. ఆ చిత్రం అలంకారం కోసం గీసింది కాదు; యోల్ఙు న్యాయంలో అదే భూమి పత్రం. ఎదుటివారి పద్ధతిలో మాట్లాడుతూనే తమ పద్ధతిని వదులుకోకపోవడం అన్న విధానానికి ఇంతకన్న ముందరి లిఖితసాక్ష్యం యిర్కలలో కనిపించదు. తరువాత పాతికేళ్ళకు ఆ ఊరి ఉపాధ్యాయులు పాఠ్యప్రణాళికలో చేసింది కూడా అదే.

వినతి ఫలించలేదు. కేసు న్యాయస్థానానికి వెళ్ళింది. యూనుపిఙు అన్నగారు గలర్‌వుయ్ అక్కడ దుబాసీగా పనిచేశారు. 1971లో న్యాయమూర్తి బ్లాక్‌బర్న్ ఇచ్చిన తీర్పులో విచిత్రమైన ద్వంద్వం ఉంది. యోల్ఙు ప్రజలకు సూక్ష్మమైన, స్థిరమైన న్యాయవ్యవస్థ ఉందని ఆయన ఒప్పుకున్నారు. అయితే దానివల్ల నేల మీద వారికి ఆంగ్లన్యాయం గుర్తించగల ఆస్తిహక్కు సిద్ధించదన్నారు. 'మీకు ధర్మం ఉంది, హక్కు లేదు' అన్నది దాని సారం. బడి విషయంలోనూ ఇదే తర్కం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది కనుక దీనిని ఇక్కడ ప్రస్తావించవలసి వచ్చింది.

నిచ్చెనగా మాతృభాష

1972 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన విట్లామ్ ప్రభుత్వం ఆదివాసి పిల్లలకు తొలి చదువు వారి భాషలోనే చెప్పాలని ప్రకటించింది. 1973 నుంచి ఉత్తర ప్రాంతంలో ద్విభాషా పాఠశాలలు మొదలయ్యాయి. కొద్దికాలంలోనే యిర్కల కూడా వాటిలో చేరింది. యోల్ఙు భాషలో వాచకాలు తయారుచేయడానికి బడిలోనే ముద్రణశాల ఏర్పడింది. పెద్దల కథలు, వేట ముచ్చట్లు, చెట్ల పేర్లు, చేపల పేర్లు చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చయ్యాయి. దీని ప్రాముఖ్యాన్ని తక్కువచేయలేము. అప్పటివరకు మిషన్ అనువాదాలలో తప్ప అచ్చులో అంతగా కనిపించని భాష పిల్లల చేతికి అందింది.

అయినా ఆ పథకం వెనుక ఒక ఊహ ఉంది. మాతృభాషలో చదవడం వస్తే ఆంగ్లంలో చదవడం సులువవుతుంది; ఆంగ్లం పట్టుబడిన తరువాత మాతృభాష అవసరం తగ్గుతుంది. అంటే మాతృభాష నిచ్చెన. మేడ ఎక్కిన తరువాత దానిని ఎవరూ మోసుకొని తిరగరు. పాఠం యోల్ఙు భాషలోకి వచ్చిందే గాని, ఏ పాఠం చెప్పాలో నిర్ణయించేవాడు బలండగానే ఉండిపోయాడు. తెల్లవారిని యోల్ఙు ప్రజలు బలండ అంటారు. సముద్రపు దోసకాయల కోసం ఏటా ఆ తీరానికి వచ్చిన మకస్సర్ నావికుల ద్వారా 'హాలండు' అన్న దేశనామం ఇలా మారి అక్కడ స్థిరపడింది. ఆంగ్లేయుల కంటె ముందే బయటి లోకంతో ఇచ్చిపుచ్చుకోవడం తెలిసిన జాతి అది అనడానికి ఈ ఒక్క మాట చాలు.

ఈ నిచ్చెన ఊహ మనకు కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చి, వాచకాలు రాసి, బడి పెట్టి ఆ పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. ఆ కాలానికి అది అసాధారణమైన పని. ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషలలో, తెలుగు లిపిలో, ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తెచ్చింది. రెంటిలోనూ సద్భావం ఉంది. గిడుగువారి విషయంలో అంతకుమించిన ప్రేమ ఉంది. అయినా రెంటిలోనూ భాష నేర్చుకొని లోపలికి వెళ్ళినవాడు, లేదా పథకం వేసి పంపినవాడు బయటివాడే. యిర్కల చరిత్ర ఇక్కడే వేరుపడుతుంది.

ఉపాధ్యాయుల సంఘం

ద్విభాషా పథకంలో యోల్ఙు ఉపాధ్యాయుడి స్థానం తొలి రోజులలో బలండ ఉపాధ్యాయుడి పక్కన నిలబడే సహాయకుడిది. యూనుపిఙు ఉద్యోగం కూడా అలాగే మొదలైంది. ఊరు విడిచి దూర నగరాలకు వెళ్ళకుండా తమ చోటనే శిక్షణ పొందే అవకాశాన్ని బ్యాచలర్ కళాశాల కల్పించింది. మెల్‌బోర్న్ దగ్గరి డీకిన్ విశ్వవిద్యాలయం ఆ శిక్షణను పట్టా స్థాయికి తీసుకువెళ్ళింది. 1988లో యూనుపిఙు విద్యాశాస్త్రంలో పట్టా పొందారు. ఆర్నెమ్ లాండ్ నుంచి విశ్వవిద్యాలయ పట్టా అందుకున్న తొలి ఆదివాసిగా ఆయనను పేర్కొంటారు.

ఈ 'తొలి' అనే విశేషణం మీద ఆధారపడి వ్యాసాలు రాయడం తేలిక. కాని అది యిర్కలలో జరిగినదానిని వెలుగులోకి తేదు. 1980ల మధ్యనుంచి అక్కడి యోల్ఙు ఉపాధ్యాయులు ఒక కార్యాచరణ బృందంగా ఏర్పడి, బడిలో జరిగే ప్రతి నిర్ణయాన్నీ తమలో తాము చర్చించుకోవడం మొదలుపెట్టారు. అదే కాలంలో ప్రభుత్వం బడులలో బలండ ఉద్యోగుల స్థానే ఆదివాసులను నియమించే విధానాన్ని ప్రకటించింది. యూనుపిఙుకు అది చాలలేదు. కుర్చీలో మనిషి మారి, కుర్చీ మారకపోతే ప్రయోజనమేమిటన్నది ఆయన వాదన. 1990లో అచ్చయిన ఆయన వ్యాసం శీర్షికే విషయాన్ని చెబుతుంది: 'భాష, అధికారం: యిర్కల పాఠశాలలో యోల్ఙు ప్రజలు అధికారానికి ఎదగడం'. విద్యావ్యాసాలకు ఇంత సూటి శీర్షిక అరుదు.

ఈ వాదన వినడానికి రాజకీయ నినాదంలా ఉంటుంది. దానికి సిద్ధాంతబలం చేకూర్చినవి రెండు యోల్ఙు భావనలు.

మొదటిది గన్మ. నేల మీదినుంచి వచ్చే మంచినీరు, సముద్రం నుంచి పోటెత్తే ఉప్పునీరు ఒక కయ్యలో కలుసుకుంటాయి. కలిసిన చోట నురగ కడుతుంది. రెండు ప్రవాహాలూ ఒకదానినొకటి మింగుతూ, ఏదీ అంతరించకుండా, కొత్త నీటిని పుట్టిస్తాయి. ఆ నీటికి తనదైన జీవం ఉంటుంది. మంచినీరు యోల్ఙు జ్ఞానం, ఉప్పునీరు బలండ జ్ఞానం. బడి ఆ కయ్య కావాలి. ఆంగ్ల విద్యాశాస్త్రంలో దీనిని 'రెండు వైపుల' విద్య అన్నారు. ఆ అనువాదంలో నీరు ఇంకిపోయింది. రెండు వైపులు అనగానే రెండు గట్లు, మధ్య వంతెన మనసులోకి వస్తాయి. గన్మలో వంతెన లేదు. కలయిక ఉంది, ఆ కలయికలో ఒరిపిడి ఉంది, నురగ ఉంది. తీరప్రాంతంలో పోటు సమయాన ఏటి మొగ దగ్గర నిలబడి చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది.

రెండోది గార్మ. వంశాల వాళ్ళందరూ చేరి, దాపరికం లేకుండా క్రతువు జరుపుకొనే బహిరంగస్థలం అది. అక్కడ అడుగుపెట్టేముందు ఎవరు ఏ పాట పాడాలి, ఎవరి తరువాత ఎవరు ఆడాలి అన్నది పెద్దలు కూర్చుని తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే దశకు 'గల్త' అని వేరే పేరుంది. పాఠ్యప్రణాళిక కూడా గార్మ కావాలన్నారు యిర్కల ఉపాధ్యాయులు. అంటే ముందు సంప్రదింపు, తరువాత ప్రదర్శన. ముందు పెద్దల అంగీకారం, తరువాత పాఠం.

ఇవి కేవలం ఉపమానాలు కావనడానికి నిదర్శనం గణితం. సాహిత్యంలో, చరిత్రలో ఆదివాసి విషయాలు చేర్చడానికి ఏ విద్యాశాఖా పెద్దగా అభ్యంతరం చెప్పదు. గణితం సార్వజనీనం కదా, అందులో యోల్ఙు ఏమిటి అని అడుగుతుంది. యిర్కల ఉపాధ్యాయులు, డీకిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన హెలెన్ వాట్సన్-వెరాన్ కలిసి ఆ ప్రశ్ననే చేపట్టారు. 1989లో వెలువడిన 'సింగింగ్ ద లాండ్, సైనింగ్ ద లాండ్' ఆ కృషికి చెందిన పుస్తకం. యోల్ఙు ప్రజలు లోకాన్ని క్రమంలో పెట్టుకునే పద్ధతి గురుతు, అంటే బంధుత్వం. పదిదాకా లెక్కించి అవే పేర్లను మళ్ళీ వాడుకుంటూ సంఖ్యలు అనంతంగా సాగినట్లే, గురుతులోనూ కొన్ని సంబంధనామాలు తరాల వెంబడి తిరిగి తిరిగి వస్తూ, ఎంత దూరపు మనిషినైనా ఎంత దూరపు నేలనైనా ఒక వరుసలో చేరుస్తాయి. తల్లిది ఒక విభాగమైతే బిడ్డది రెండోది. తల్లి తల్లిది మళ్ళీ బిడ్డ విభాగమే. అమ్మమ్మకు, కూతురి బిడ్డకు మధ్య ఉన్న ఆ సంబంధానికి 'మారి-గుతర' అని ప్రత్యేకమైన పేరు. తెలుగు పాఠకుడికి ఇది మరీ దూరపు విషయం కాదు. మేనమామ కూతురిని పెళ్ళాడదగిన వరుసగా చూడడం రెండు చోట్లా ఉంది. కొత్తవాడు ఎదురైతే 'నాకేమవుతావు?' అని వరుస తేల్చుకున్నాకే మాట సాగించడం మన పల్లెలకూ తెలిసినదే.

గురుతుతో పాటు రెండో పాయ జల్కిరి. ఆ మాటకు పాదముద్ర అని అర్థం. పూర్వులు నడిచిన దారుల వెంట పేర్లు పొందిన స్థలాల వలయం అది. స్థలాన్ని కొలతలతో గడులుగా విభజించే బలండ పద్ధతి పక్కన దీనిని నిలిపి, రెండూ స్థలాన్ని క్రమబద్ధం చేసే విధానాలేనని పిల్లలకు చూపించారు. పాఠం తరగతిగదిలో మొదలుకాదు. పెద్దలతో కలిసి ఆ చోటికి వెళ్ళి, దాని కథ విని, దానితో తనకున్న వరుస తెలుసుకున్న తరువాత బడికి తిరిగివచ్చి ఆంగ్ల గణితపు మాట వింటారు. ఈ వరుసక్రమమే అసలు విషయమని నా అభిప్రాయం. మాతృభాష ఇక్కడ నిచ్చెన కాదు. పునాది కూడా అక్కడే, పై అంతస్తు కూడా అక్కడే.

ఒక ఆక్షేపణను మాత్రం దాటిపోలేము. కయ్యలో మంచినీటికీ ఉప్పునీటికీ సమానబలం ఉంటుంది. ఋతువును బట్టి ఒకటి హెచ్చితే మరొకటి తగ్గుతుంది. బడిలో అలా కాదు. జీతాలు, పరీక్షలు, నియామకాలు అన్నీ ఒకే ప్రవాహం చేతిలో ఉంటాయి. గన్మ ఈ అసమానతను చెప్పదు. యూనుపిఙు దీనిని గ్రహించలేదనలేము. గ్రహించినందువల్లనే ఆయన వ్యాసశీర్షికలో భాష పక్కన అధికారం అన్న మాట వచ్చి కూర్చుంది.

ప్రధానాచార్యత్వం, పాట

1990లో ఆయన యిర్కల పాఠశాల ప్రధానాచార్యులయ్యారు. ఆస్ట్రేలియాలో ఆ పదవి చేపట్టిన తొలి ఆదివాసి అని అనేక జీవితసంగ్రహాలు పేర్కొంటాయి. ఆ పదవిలో ఆయన ఉన్నది కొద్దికాలమే. 1991లో సంగీతం ఆయనను బడి నుంచి తీసుకుపోయింది. పదవీకాలాన్ని బట్టి విద్యావేత్తను తూచేవారికి ఈ లెక్క నిరాశ కలిగిస్తుంది.

అయితే పాటను బడికి ప్రత్యామ్నాయంగా ఆయన భావించినట్లు కనిపించదు. బృందం 1986లో, అంటే కార్యాచరణ బృందం చర్చలు సాగుతున్న రోజులలోనే ఏర్పడింది. యోతు యిండి అంటే బిడ్డ, తల్లి. ఒక విభాగపు బిడ్డకు, మరొక విభాగానికి చెందిన తల్లి వంశపు నేల మీద, క్రతువుల మీద ఉండే బాధ్యతను అది సూచిస్తుంది. గణితపాఠంలో వచ్చే అదే సంబంధం బృందానికి పేరైంది. యోల్ఙు పాటగాళ్ళు, బలండ వాద్యకారులు ఒకే వేదిక మీద, క్రతుగీతాలు, రాక్ సంగీతం ఒకే పళ్ళెంలో: ఇది గన్మ కాకపోతే మరేమిటి? 1989 నాటి తొలి సంకలనంలోని 'మెయిన్‌స్ట్రీమ్' పాటలో ప్రవాహాల కలయికే వస్తువు. 1988లో బరుంగ వద్ద ప్రధాని హాక్ ఆదివాసులతో ఒడంబడిక చేసుకుంటామని మాట ఇచ్చి నిలుపుకోలేదు. 'ట్రీటీ' ఆ మాటను గుర్తుచేసే పాట. 1992 సంవత్సరానికి 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్' గౌరవం, 1993లో జాతీయ రేడియో వారి బోయర్ ఉపన్యాసాలలో ఆదివాసి వక్తల నడుమ ఒక ఉపన్యాసం ఆయనకు దక్కాయి. 1999 నుంచి గుల్కుల అనే చోట ఏటా జరుగుతున్న గార్మ ఉత్సవానికి ఆ పేరు ఎక్కడిదో ఇక చెప్పనక్కరలేదు. పిల్లల కోసం ఊహించిన పాఠ్యప్రణాళికలో ఆ దేశపు మంత్రులూ ప్రధానులూ వచ్చి విద్యార్థులుగా కూర్చున్నారు.

రెండు ఉపసంహరణలు

1998 ఏప్రిల్‌లో క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆదివాసి పిల్లల విద్యకు చేసిన సేవకుగాను యూనుపిఙుకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదే ఏడు డిసెంబరులో ఉత్తర ప్రాంత ప్రభుత్వం ద్విభాషా కార్యక్రమాన్ని దశలవారీగా ఎత్తివేస్తామని ప్రకటించింది. ఆ సేవ ఏమిటో మెచ్చుకున్న సంవత్సరమే దాని ఆధారాన్ని తీసివేయడం చరిత్ర చేసిన పరిహాసం.

ప్రభుత్వ వాదన ఆంగ్ల అక్షరాస్యత చాలినంతగా పెరగలేదని. ఆ ఆందోళనను తోసిపుచ్చడం న్యాయం కాదు. ఆదివాసి తల్లిదండ్రులు కూడా తమ పిల్లలకు గట్టి ఆంగ్లం కావాలని కోరుతూనే ఉన్నారు. 1963 వినతిపత్రంలో ఆంగ్లం ఉండడానికి కారణమూ అదే. కాని హాజరు తగ్గడానికి, ఉపాధ్యాయులు నిలవకపోవడానికి, ఇళ్ళ కొరతకు, అనారోగ్యానికి పడవలసిన నింద భాష మీద పడింది. నిరసనలు వెల్లువెత్తాయి. ఆ ఏడాదే వెంట్‌వర్త్ ఉపన్యాసంలో యిర్కల విద్యావేత్త ఆర్. మారిక యోల్ఙు జ్ఞానానికి విద్యావ్యవస్థలో విలువ ఉండాలన్న అంశం మీదనే మాట్లాడారు. ఆమె రిర్రచిఙు వంశస్థురాలు, భాషాశాస్త్రవేత్త, ఆ కార్యాచరణ తరానికి చెందిన మనిషి. 1999లో కాలిన్స్ నివేదిక తరువాత కార్యక్రమం 'రెండు దారుల అభ్యసనం' అన్న కొత్త పేరుతో, తగ్గిన బలంతో కొనసాగింది.

2008 మే నెలలో మారిక మరణించారు. ఆ ఏడాదే దేశవ్యాప్త అక్షరాస్యతా పరీక్షలు మొదలయ్యాయి. ఫలితాలు వచ్చాక అక్టోబరులో ఉత్తర ప్రాంత విద్యామంత్రి మేరియన్ స్క్రిమ్‌గోర్ ప్రతి బడిలో రోజూ తొలి నాలుగు గంటలు ఆంగ్లంలోనే బోధించాలని ప్రకటించారు. బడి నడిచే సమయంలో తొలి నాలుగు గంటలు పోతే మిగిలేది మధ్యాహ్నపు ఎండ, పిల్లల కునుకు. ఆ మంత్రి కూడా ఆదివాసి మహిళే. కుర్చీలో మనిషి మారి కుర్చీ మారకపోవడం గురించి యూనుపిఙు రెండు దశాబ్దాల కిందట రాసినదానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. ఇందులో ఆమె వ్యక్తిగత దోషాన్ని వెదకడం నా ఉద్దేశం కాదు.

1971 తీర్పు తర్కం ఈ రెండు సందర్భాలలోనూ తిరిగి వినిపిస్తుంది. మీకు భాష ఉంది, దానికి విలువా ఉంది. కాని బడి మీద దానివల్ల మీకు హక్కు రాదు. పథకంగా వచ్చినదానిని పథకంగానే తీసుకుపోవచ్చు. యిర్కలలో ఉపసంహరణ పూర్తిగా సాగకపోవడానికి కారణం, అప్పటికే అక్కడి చదువు పథకం పరిధి దాటిపోయి ఉండడం. యోల్ఙు ఉపాధ్యాయులున్నారు, వారు రాసిన పుస్తకాలున్నాయి, వారిని బాధ్యులను చేసే పెద్దలున్నారు. నాలుగు గంటల నిబంధన తరువాతి సంవత్సరాలలో సడలింది.

యూనుపిఙు భార్య యల్మయ్ కూడా యిర్కల బడిలో ఉపాధ్యాయురాలే. ఆమె నాలుగు దశాబ్దాల పాటు యోల్ఙు మథలో పాఠాలు చెప్పారు. పీఠాలు, సభలు, పాటలు భర్తను లోకానికి పరిచయం చేస్తున్న కాలమంతా ఆమె తరగతిగదిలోనే ఉన్నారు. ఆయన జీవితచరిత్ర అని మనం రాసుకునేది నిజానికి ఒక వంశసముదాయపు చరిత్ర అనడానికి ఆమె వృత్తిజీవితమే ఆధారం. 2020లో ఎనిమిదిమంది యిర్కల విద్యార్థులు పన్నెండో తరగతి పూర్తిచేసి విశ్వవిద్యాలయ ప్రవేశార్హత పొందారు. ఆ ఊరి బడి నుంచి అలా ఉత్తీర్ణులైన తొలి బృందం వారిది. రెండు భాషలలో చదువుకున్నవారు. పదవీవిరమణ చేసిన మరుసటి సంవత్సరం, 2024లో, యల్మయ్ యూనుపిఙును 'సీనియర్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్'గా ఎంపికచేశారు.